పగిలిన గిన్నెలో లేత రంగు ముక్క

తమ్ముడూ,

నీ ఆరోగ్యం కోసం రోజూ పొద్దున్నే దేవుణ్ణి అడుగుతున్నాను కాబట్టి బాగున్నావనే నమ్మకం. నీ ఉత్తరం అందింది. నీతో ఉండే కళ్ళద్దాలాయన తన షాపులో చేసి పంపిన అద్దాలతోనే చదివాను. మీ బావ ఉత్తరం మందం చూసి, "మీవాడు ఉత్తరం రాశాడా, పరీక్ష రాశాడా?" అన్నారు.

నువ్వడిగింది ఒక్కటే. మా అమ్మాయి పెళ్ళికి ఆ కళ్ళద్దాలాయన్ని వెంట తీసుకురావచ్చా అని. ఇన్నేళ్ళుగా నీతో ఒకే ఇంట్లో ఉంటున్న మనిషి గురించి ఆ ఒక్క ముక్క అడగడానికి ప్రాచీన గ్రీకులందరినీ సాక్ష్యానికి పిలిచావు. ఆ కాలంలో మగవాడు మగవాణ్ణి ప్రేమిస్తే ఎవరూ తప్పనలేదనీ, కవులు పాటలు కట్టారనీ, ప్రేమికులు పక్కపక్కన నిలబడి యుద్ధం చేశారనీ, మీరిద్దరూ అచ్చం వాళ్ళేననీ రాశావు.

కిందటేడు మ్యూజియంలో నీ పనిగదికి వచ్చాను, గుర్తుందా? అతికిస్తున్న గ్రీకు గిన్నె ఒకటి చూపించావు. దాని మీద గడ్డం ఉన్నాయన ఒక యువకుడికి ఏదో ఇస్తున్నాడు. సరిగ్గా ఆ చేతి దగ్గరే పెంకు పోయింది. నువ్వక్కడ ప్లాస్టర్ నింపి, పాతదానికన్నా లేత రంగు వేశావు.

"అదే రంగు వెయ్యొచ్చు కదరా, అతుకు కనబడదు" అన్నాను.

"కనబడాలక్కా. దగ్గరికొచ్చి చూసినవాడికి ఏది వాళ్ళదో, ఏది మనం పెట్టిందో తెలియాలి. లేకపోతే మోసం" అన్నావు.

ఇప్పటివాళ్ళు ఈ బొమ్మలో ఎవరి ముఖం వాళ్ళు చూసుకుంటారనీ అన్నావు. నిజానికి అప్పట్లో పెద్దవాడు నేర్పేవాడట, చిన్నవాడు నేర్చుకునేవాడట. చిన్నవాడికి గడ్డం వస్తే ఆ ముచ్చట ముగిసేదట. ఆనక ఎవరి పెళ్ళి వాళ్ళు చేసుకోవాల్సిందేనట. అందరూ అంతేనా అని పండితులు ఇంకా తగువులాడుతున్నారని నువ్వే చెప్పావు.

మరి ఉత్తరంలో అతుకు కనబడకుండా అదే రంగు వేశావేం? మీ ఇద్దరికీ గడ్డాలు నెరిశాయి. ఆయన నీకు బీపీ మాత్రలు గుర్తు చేస్తాడు, నువ్వు ఆయన గురకతో వేగుతావు. ఆ గ్రీకులు మిమ్మల్ని చూస్తే ముక్కున వేలేసుకునేవాళ్ళు. వాళ్ళ పూచీకత్తు నీకెందుకు? నా తమ్ముడివి, అది చాలు.

ఇద్దరూ రండి. ముందు వరుసలో కుర్చీలు వేయిస్తాను. చుట్టరికం రాసిన చీటీలు అంటించే పని నాదే. నీ కుర్చీకి "పెళ్ళికూతురి మేనమామ", ఆయన కుర్చీకి "మేనమామ స్నేహితుడు". ఎవరూ నోరెత్తరు.

నీ రాక కోసం చూసే
అక్క

*

తమ్ముడూ,

ఈసారి నీ ఉత్తరంలో ఒక్కటే వాక్యం. "అక్కా, ఆ చీటీ మీద నువ్వు వేసింది ఏ రంగు?"

మీ బావకి చదివి వినిపిస్తే, "ఇప్పుడు పరీక్ష నీకు" అని పడీపడీ నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ప్రార్థనకు కూర్చుంటే గుర్తొచ్చింది. ఇన్నేళ్ళుగా దేవుడి దగ్గర ఆయన్ని "మా తమ్ముడి మనిషి" అనే అంటున్నాను. దేవుడికి చెప్పిన మాట చుట్టాలకు చెప్పడానికి భయమెందుకు?

బాబాయి ఫోన్ చేసినప్పుడు చెప్పేశాను. "వాడితో వచ్చేది వాడి జీవిత సహచరుడు బాబాయ్, స్నేహితుడు కాదు." "సరే గానీ, భోజనాలు ఎన్నింటికి?" అన్నాడు.

పెళ్ళికూతురు మాత్రం చిక్కు ప్రశ్న వేసింది. "ఆయన్ని ఏమని పిలవాలమ్మా?"

"మావయ్యా అని."

"మరి మావయ్యని?"

"మావయ్యా అనే. ఎవరు ముందు పలికితే వాళ్ళకు పని చెప్పు."

నీ చీటీ అలాగే ఉంది. ఆయన చీటీలో "స్నేహితుడు" అన్న మాట కొట్టేసి, పైన వేరే సిరాతో "జీవిత సహచరుడు" అని రాశాను. కొత్త చీటీ రాయొచ్చు, కాగితం ఉంది. కావాలనే రాయలేదు. దగ్గరికొచ్చి చూసినవాళ్ళకు తెలియాలి.

మీ ఇద్దరి
అక్క