బోర్డుకి వీపు పెట్టి

ప్రియమైన మీకు,

ఫోను చేస్తే చిన్నది లాక్కుని తన కబుర్లే చెబుతోంది. అందుకే ఈ ఉత్తరం.

నాకిచ్చింది రెండో అంతస్తులో ఒక గది. కింద బట్టలుతికే దుకాణం. పొద్దున్నే మిషన్ల గుర్రు మొదలవుతుంది, అలారం అక్కర్లేదు. ఈ దేశంలో చెయ్యెత్తకపోతే బస్సు ఆగదట. ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి రోజు రెండు బస్సులు నన్ను చూసుకుంటూనే వెళ్లిపోయాయి.

ఏడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. ముప్పైమంది. నాదీ ఇంగ్లీషే, వాళ్లదీ ఇంగ్లీషే, అయినా నేను నోరు తెరిస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది మెల్లగా సర్దుకుంటుంది. నన్ను వేపుకు తింటున్నది మాత్రం ఒక్కతే. చివరి బల్ల దగ్గర, జుట్టు విరబోసుకుని కూర్చునే పిల్ల. నేను బోర్డు మీద ఒక మెట్టు రాస్తూ చెప్పగానే "మళ్లీ చెప్పండి మిస్" అంటుంది. చెబుతాను. "మళ్లీ చెప్పండి." క్లాసంతా నవ్వు. నా యాసను ఆట పట్టిస్తోంది. నిన్న నాలుగుసార్లు. పదహారేళ్ల సర్వీసులో ఇలా ఎవరూ ఆడించలేదు నన్ను.

"మూడు నెలలు చూస్తాం, ఆ తర్వాతే ఉద్యోగం ఖాయం" అన్నారు ప్రిన్సిపాల్ గారు. చూడనివ్వండి. నేను మాత్రం మధ్యలో వదిలేసి రాను.

వేళకి తినండి.

బస్సులకి చెయ్యెత్తడం నేర్చుకున్న
మీ ఆవిడ

*

ప్రియమైన టీచరమ్మకి,

నీ ఉత్తరం చిన్నది పైకి చదివి వినిపించింది. "అమ్మని ఎవరో ఏడిపిస్తున్నారు నాన్నా" అని బెంగపడింది. మీ అమ్మని ఏడిపించేవాళ్లు ఇంకా పుట్టలేదులే అన్నాను. నేను వేసిన జడ మధ్యాహ్నానికల్లా ఊడిపోతోందట. వాళ్ల టీచరు మళ్లీ వేసి పంపుతోంది.

మీ పాత స్కూలు హెడ్మిస్ట్రెస్ గారు మన పిండిమరకి వచ్చారు. "వస్తానంటే ఆవిడ కుర్చీ ఖాళీగానే ఉంది" అన్నారు. నీకు చెప్పమన్నారు, చెప్పాను. రమ్మనడం లేదు.

ఇక ఆ పిల్ల సంగతి. ఇరవై ఏళ్లుగా పిండిమర హోరులో ఉన్నవాణ్ణి. మర తిరుగుతుంటే నాకు మాట వినపడదు, పెదాలు చూసి పోల్చుకుంటాను. మనిషి అటు తిరిగాడా, మళ్లీ అడగాల్సిందే. దాన్ని పొగరనుకుని అలిగి వెళ్లినవాళ్లూ ఉన్నారు. నువ్వేమో బోర్డుతో మాట్లాడే మనిషివి. ఇంట్లో అయితే పొయ్యితో. ఆ పిల్ల ఎప్పుడెప్పుడు అడుగుతోందో ఒకసారి గమనించు. నాది ఒట్టి అనుమానమైతే నవ్వేసి ఊరుకో.

ఇట్లు,
జడలు రాని మీ ఆయన

*

ప్రియమైన మీకు,

ఈ ఉత్తరం చిన్నదాని చేతికి ఇవ్వకండి.

మీ ఉత్తరం నిన్న చేరింది. వారం కిందటే ఆ పిల్లని పక్క సెక్షనుకి మార్పించేశాను. "పాఠం సాగనివ్వడం లేదు" అని రాసి సంతకం పెట్టాను. తను పుస్తకాలు సర్దుకుని వెళుతుంటే నాకు హాయిగా ఉంది. ఆ మాట దాచను.

మీ ఉత్తరం చదివి ఆఫీసుకి వెళ్లి ఆ పిల్ల ఫైలు అడిగాను. గుమాస్తా నా మొహం చూసి "మీకిచ్చాం కదండీ" అంది. మొదటి రోజు ఇచ్చిన నలభై పేజీల కట్టలో ఉంది. కుడి చెవి అసలు వినపడదు, ఎడమ చెవి సగమే. వినికిడి మిషను జుట్టు కింద దాచుకుంటుంది. టీచరు మొహం కనబడేలా నిలబడి చెప్పాలి. దాని కింద, చదివినట్టు నా సంతకం.

తిన్నగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాను. "తప్పు నాది. పిల్లని నా క్లాసుకి తిరిగి పంపండి."

"వచ్చే నెల మీ పాఠం చూడడానికి బయటి నుంచి వస్తున్నారు. ఇది మీ రికార్డులో రాయాల్సి వస్తుంది."

"రాయండి."

రేపు ఆ పిల్లతో మాట్లాడాలి. ఏం చెప్పాలో నాలుగుసార్లు రాసి చించేశాను. అయినా వెళ్తాను.

మీ
నేను

*

ప్రియమైన నీకు,

ఉత్తరం నేనొక్కణ్ణే చదివాను.

చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆగాను. మీ హెడ్మిస్ట్రెస్ గారు నీ కుర్చీలో కొత్తావిడని వేసుకున్నారు. అక్కడ ఏమైనా తేడా వస్తే ఇక్కడ ఆ దారి లేదు. అది తలుచుకుని మాత్రం అడుగు వెనక్కి వేయకు. ఆ పిల్ల ఏమంది?

నీ
మర మనిషి

*

ప్రియమైన మీకు,

ఎదురెదురుగా కూర్చుని నెమ్మదిగా క్షమించమని అడిగాను. మీకు రాసిన సంగతీ చెప్పేశాను. నా పెదాల వైపే చూస్తూ అంతా వింది. తర్వాత అంది:

"ఆయన దూరంగా ఉన్నారు, పర్లేదు. క్లాసులో మాత్రం చెప్పకండి. ముందు బల్లకి మార్చకండి. తెలిస్తే అందరూ నాతో గట్టిగా అరిచి మాట్లాడతారు. దానికన్నా నవ్వితేనే నయం."

సరేనన్నాను. మర్నాడు మళ్లీ నా క్లాసులో చివరి బల్లకే వచ్చింది. ఇప్పుడు ముందు రాస్తాను, సుద్ద కింద పెడతాను, బోర్డుకి వీపు పెట్టి ఒక్కో ముక్కా చివరి బల్ల దాకా కనబడేలా చెబుతాను. "మిస్‌కి ఇంకా ఇంగ్లీషు రావట్లేదు పాపం" అని పిల్లలు గుసగుసలు. రాదనే అనుకోనిచ్చాను.

పాఠం చూడడానికి వచ్చినావిడ కూడా అదే అడిగింది. "పాఠం బాగుంది. ఇంత నిదానమెందుకు? మాట తడుముకుంటున్నారా?" ప్రిన్సిపాల్ గారు నా వైపు చూశారు. నిజం చెబితే గట్టెక్కుతాను. కానీ తలుపు తీసి ఉంది, వరండాలో పిల్లలున్నారు.

"కొత్త కదండీ, నేర్చుకుంటున్నాను" అన్నాను.

ఫలితం ఇవాళ వచ్చింది. ఉద్యోగం ఖాయం కాలేదు, తీసేయనూ లేదు. మరో మూడు నెలలు చూస్తారట. ప్రిన్సిపాల్ గారు కాగితం చేతికిస్తూ "అసలు కారణం నేను తలుపేసుకుని రాసి పంపాను" అన్నారు.

ఇన్నాళ్లూ ఆ పిల్ల నాతో ముక్తసరిగానే ఉంది. ఇవాళ చెయ్యెత్తింది. "మూడో మెట్టులో మైనస్ మర్చిపోయారు మిస్."

చూశాను. నిజమే. ముప్పైమందిలో ఇంకెవరూ పట్టుకోలేదు. వచ్చి దిద్దమని సుద్ద ఇచ్చాను. దిద్దింది. ఆ తర్వాత క్లాసు వైపు తిరిగి, ఎందుకు తప్పో తనే చెప్పడం మొదలుపెట్టింది. నేను వెళ్లి చివరి బల్ల మీద కూర్చున్నాను.

ఇక్కడే ఉంటాను.

మీ
లెక్కల మిస్