లెక్కల గది తాళం

ఇందుకూరుపేట, 1962, ఆదివారం రాత్రి

ఈ రోజు కమలను, పాపను నెల్లూరులో మ్యాట్నీకి తీసుకెళ్లాను. సినిమాలో శిల్పి మహా మేధావి. ఒక్క విగ్రహం కోసం పిచ్చివాడైపోయి, కన్నబిడ్డ తలుపు బాదుతున్నా తీయడు. మూడు నెలలుగా బడిలో పాఠాలు చెప్పి రాగానే నేనూ తెగని ఒకే లెక్క పట్టుకుని గదిలో గడియ పెట్టుకుంటున్నాను.

బస్సులో కమల మెల్లగా అంది: "పాపకి జొరమొచ్చినప్పుడు మీరూ ఇట్టనే తలుపు తియ్యలా. ఎంతసేపు పిలిచినానో."

నాకు వినపడలేదన్నాను. అది నిజం. భయమంతా అదే.

ఇంటికి రాగానే ఆ గదికి తాళం వేసి, తాళంచెవి కమల చేతికిచ్చాను. "రోజుకొక గంటే తియ్యి. నేనెంత అడిగినా ఇయ్యబాక."

"అరిస్తే?"

"అరిచినా ఇయ్యబాక."

అన్నం తిన్నాక చెయ్యి చాపనే చాపాను. కమల ఇవ్వలేదు. కోపం వచ్చింది, దాచుకోవడమెందుకు. అంతలో పాప పలక తెచ్చి, "నాయనా, నాకు కూడికలు నేర్పవా?" అంది. పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాను. ఏడూ ఎనిమిదీ కూడి పదిహేను వేసినప్పుడు ఎగిరి గంతేసింది. రేపటి నుంచి ఎక్కాలు చెప్పాలట. చెబుతానన్నాను. ఆ మాట నిలబెట్టుకోగలననే అనిపిస్తోంది.