లెక్కలు రావన్న రోసమ్మ

1984 మార్చి 4, ఆదివారం

ఎదురు ఫ్లాట్ రోసమ్మ చర్చి నుంచి వస్తూనే మా తలుపు కొట్టింది. చేతిలో ఓనరు పంపిన కాగితం. బిల్డింగులో ఫ్లాట్లన్నీ అమ్మేస్తాడట. ఉంటున్నవాళ్ళకి తక్కువ ధరకి, ముందు హక్కు. మే నెలాఖరులోగా కొంటామని చెప్పకపోతే బయటివాళ్ళకి.

మాది అల్లుడు చూసుకుంటాడు. రోసమ్మది?

నవ్వింది. "దేవుడున్నాడు, ఆతే." ఆతే అంటే వాళ్ళ ఫిలిప్పీన్స్ భాషలో అక్క. ఆమె అసలు పేరు రోసారియో. మా ఊళ్ళో అయితే రోసమ్మే కదా, అలాగే పిలుస్తాను. ఇద్దరి ఇంగ్లీషూ కుంటిదే. అయినా ఈ అమెరికాలో తొమ్మిదేళ్ళుగా, డబ్బు మాట తప్ప ఒక్క సంగతీ చెప్పుకోకుండా ఉండలేదు.

ఆమె వెళ్ళిపోతే... వద్దు. రాయను.

మార్చి 5

స్టవ్ ఆపానో లేదో అని లిఫ్టు దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చాను. మనవరాలు లిల్లీకి స్కూలు ఆలస్యం. "అమ్మమ్మా, స్టవ్ ఈజ్ ఓకే. నువ్వు నాట్ ఓకే."

మార్చి 7

మా అమ్మాయి సుగుణ హాస్పిటల్ డ్యూటీ నుంచి వచ్చాక అడిగాను. రోసమ్మ పనిచేసేది వాళ్ళ హాస్పిటల్ వంటగదిలోనే. "అమ్మా, ఆవిడకి బ్యాంక్ అకౌంటే లేదు. లోన్ ఎవరిస్తారు? జీతం చెక్ క్యాష్ చేయించి, సగం మనీలాకి పంపించేస్తుంది."

రోసమ్మ వాళ్ళ చర్చి బేస్‌మెంట్‌లో శుక్రవారం శుక్రవారం పొదుపు సొసైటీ వాళ్ళు క్లాసు పెడుతున్నారట. డబ్బు దాచుకోవడం, అప్పు అడగడం. మెంబర్లకి అప్పు కూడా ఇస్తారట.

"నువ్వూ వెళ్ళమ్మా. నీ డబ్బంతా బైబిల్ సంచిలో పెట్టుకుని తిరుగుతావు."

తిరుగుతాను. కళ్ళముందుంటేనే నాకు ధైర్యం.

రోసమ్మతో చెప్తే మొహం ఎర్రబడింది. "నాకు లెక్కలు రావు ఆతే. ఆ క్లాసులు డబ్బున్నోళ్ళకి." బతిమాలాను. చివరికి — "నువ్వొస్తే వస్తా."

నేనా! ఇంగ్లీషులో సంతకానికే పావుగంట పట్టే మనిషిని.

మార్చి 9, శుక్రవారం

క్లాసుకి వెళ్ళాం. పన్నెండు మంది ఫిలిప్పీన్స్ వాళ్ళు, నేను. అందరూ వంటలు తెచ్చారు. నూడుల్స్, చేపలు, సన్నటి మాంసం చుట్టలు. నేను గారెలు. సొసైటీ దొరగారు పొడుగ్గా సన్నగా ఉన్నాడు. బోర్డు మీద అరగంట రాశాడు. వడ్డీ, అసలు, ఇంకేమిటో బాణాలు.

"ఎనీ క్వశ్చన్స్?"

అందరమూ నవ్వాం. "నో సార్. వెరీ క్లియర్ సార్." నేనూ తల ఊపాను. దొరగారు పొంగిపోయి పళ్ళెం అందుకున్నాడు. గారెలు నాలుగు తిన్నాడు. కడుపునొప్పి రాదు కదా.

మెట్లెక్కుతూ రోసమ్మని అడిగాను, ఏం చెప్పాడని.

"నాకేం తెలుసు? నువ్వు తల ఊపావుగా!"

వెనకనుంచి ఇంకొకామె — "మీ ఇద్దరికీ అర్థమైందనుకుని నేనూ ఊపాను."

గోడ పట్టుకుని నవ్వాం. నవ్వీ నవ్వీ పక్కలో నొప్పి పుడితే గుండెనొప్పేమోనని భయపడ్డాను. కాదు.

మార్చి 10

రోసమ్మ వంటింట్లో మాంసం చుట్టలు చుడుతూ అడిగాను. అర్థం కాకపోతే క్లాసులో మీవాళ్ళు ఎందుకు అడగరు?

అడిగితే తెలియదని తెలిసిపోతుందట. సిగ్గు. డబ్బుందంటే చుట్టాలు వస్తారు, లేదంటే పరువు పోతుంది. కాబట్టి డబ్బు మాట ఎత్తకపోవడమే మర్యాద. ఇన్సూరెన్సు మాట ఎత్తితే చావును పిలిచినట్టు. రేపటి సంగతి లెక్కేస్తే దేవుడి మీద నమ్మకం లేనట్టు.

వింటుంటే వీళ్ళు తెనాలి పక్కనెక్కడో పుట్టారనిపించింది. మా ఆయన ఉన్నన్నాళ్ళూ "నీకెందుకు ఈ లెక్కలు" అనేవారు. నాకూ హాయిగానే ఉండేది. తెలియనిదాన్ని తప్పు పట్టరు కదా.

"వచ్చే శుక్రవారం నేను రాను ఆతే. ఫ్లాటూ వద్దు, కొడుకు దగ్గరికి చికాగో పోతా." ఆ మాటకి చుట్ట చేతిలోనే విడిపోయింది నాకు.

మార్చి 15, గురువారం

ఎంత చిత్రం! రాయకుండా ఆగలేకపోయాను, ఇంకా పప్పు స్టవ్ మీదే ఉంది.

ఇవాళ వాళ్ళ జీతాల రోజు. రోసమ్మ ఇంట్లో ఉప్పు అడుగుదామని వెళ్ళాను. ఒక్కొక్కరే వస్తున్నారు, కవరిచ్చి, టీ తాగి పోతున్నారు. అందరి కవర్లూ కలిపి రోసమ్మ ఒకామె చేతిలో పెట్టింది. ఆమె ఏడుస్తూ నవ్వుతూ... కూతురు పెళ్ళట.

ఏమిటిది అన్నాను. "పాలువాగన్. నెలనెలా అందరం వేస్తాం. నెలకొకరు తీసుకుంటారు."

ఓసి రోసమ్మా! అది చీటీ! తెనాలిలో ఆయనకి తెలియకుండా ఆరేళ్ళు కట్టాను. మొదటి చీటీ ఎత్తి కుట్టుమిషన్ కొని, మా అన్నయ్య ఇచ్చాడని చెప్పాను.

"దీని పుస్తకం ఏది?" తల మీద వేలు పెట్టుకుంది. తొమ్మిదేళ్ళు. పన్నెండు మంది. ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు ఎవరితో మార్చుకున్నారో అన్నీ చెప్పింది. ఒక్క నెల తప్పలేదు.

"లెక్కలు రావన్నావే!"

"ఇది డబ్బు కాదు ఆతే. ఇది స్నేహం."

పప్పు మాడింది. ఫరవాలేదు.

మార్చి 16, శుక్రవారం

చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళాను. "ఈ ఒక్కసారి రా. తర్వాత నీ ఇష్టం."

దొరగారు మళ్ళీ బాణాలు. మళ్ళీ "ఎనీ క్వశ్చన్స్?" మళ్ళీ నవ్వులు. చెయ్యి ఎత్తాను. నా చెయ్యేనా అని చూసుకున్నాను.

"సార్. ఐ నో అండర్‌స్టాండ్. నథింగ్. ఫస్ట్ నుంచి, ప్లీజ్."

అందరూ నా వైపే తిరిగారు. చచ్చాననుకున్నాను. అప్పుడు రోసమ్మ లేచింది. "మీ ఆల్సో సార్." ఆ వెనక ఇంకొకరు, ఇంకొకరు. పన్నెండు మందీ. దొరగారు తెల్లబోయి, పడీపడీ నవ్వి, బోర్డంతా తుడిచేశాడు.

నేనే రోసమ్మని ముందుకి తోశాను, నీ చీటీ చెప్పమని. సుద్దముక్క పట్టుకుని పన్నెండు గుండ్రాలు గీసింది. దొరగారు ప్రశ్న మీద ప్రశ్న అడిగాడు. ఈమె టకటకా జవాబులు. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. బ్యాంకులకి ఈ సంగతి కనిపించదట, కాగితం లేదు కనక. సొసైటీకి మాత్రం ఆ పన్నెండు మందీ సంతకం చేసి ఉత్తరం ఇస్తే లెక్కలోకి తీసుకుంటారట. అప్పు దొరుకుతుందని మాటివ్వలేను, అడిగి చూద్దాం అన్నాడు.

మార్చి 18, ఆదివారం

ప్రార్థన అవగానే సంతకాలు. ఒకాయన "నాకెంత ధైర్యం చెప్పిందో" అని ఉత్తరంలో ఇంకో రెండు వాక్యాలు కలిపాడు. ఇంకొకామె పూలబొమ్మ వేసింది. వద్దంటే వినలేదు.

మార్చి 19

చీటీలు నడుపుతోందని పోలీసులు వస్తారేమో? ఆ ఉత్తరం ఎవరి చేతిలో పడుతుందో? అల్లుణ్ణి అడిగాను. "అత్తయ్యా, ఎవరూ రారు. కాఫీ తాగండి."

తాగాను. అయినా అనుమానమే.

ఏప్రిల్ 6

రోసమ్మ అప్పు దరఖాస్తు ఇచ్చింది. పక్కనే కూర్చుని నేనూ సొసైటీలో ఖాతా తెరిచాను. సంతకం పావుగంట పట్టలేదు. సంచి తేలికైపోయింది, భుజానికి ఏదో లోటు. దారిలో ఇద్దరం ఐస్‌క్రీం తిన్నాం. జలుబు చేస్తే చెయ్యనీ.

ఏప్రిల్ 17

కబురు లేదు. రోసమ్మ రోజూ పోస్టు డబ్బా చూస్తుంది. నేను రెండుసార్లు చూస్తాను.

ఏప్రిల్ 28, శనివారం

సొసైటీ కవరొచ్చింది. పల్చగా ఉంది. మంచి సంగతైతే కాగితాలు ఎక్కువుండవూ? లేక చెడు సంగతికే ఎక్కువ రాస్తారా? సుగుణని అడుగుదామంటే డ్యూటీలో ఉంది.

రోసమ్మ కవరు బల్ల మీద పెట్టి అన్నం వడ్డించింది. విప్పవే అన్నాను. తిన్నాక అంది. లేదన్నారంటే ఏం చేస్తావు అన్నాను, ఆగలేక.

"ఎందుకు లేదో అడుగుతా. అర్థం కాకపోతే మళ్ళీ అడుగుతా." చేప ముల్లు తీసి నా పళ్ళెంలో వేసింది. "నువ్వు తిను, ఆతే."