పిలుపు లేకుండా లేచిన వంతెన

కామాటిపుర, 1986, శనివారం

డాక్‌లో ఓడలకు దారిచ్చే పాత రైలు వంతెనకు మోటారు బిగించారు. ఇన్నాళ్లూ నేను "ఐలేసా" అని పిలిస్తేనే మావాళ్లు చేతిచక్రం తిప్పేవారు, వంతెన లేచేది. ఇప్పుడు మోటారు బటన్‌ను నా బామ్మర్ది నర్సిములు చేతికిచ్చారు. వాణ్ని పనిలో పెట్టించిందే నేను!

ఇవాళ వాడు బటన్ మీద వేలుపెట్టి, అలవాటుకొద్దీ నావైపు చూశాడు.

"బావా, పిలువు. నువ్వు పిలవంది ఎట్ల ఒత్తాలె?"

పిలవకుండా మొహం పక్కకు తిప్పుకున్నాను. ఓడ కూతవేసింది, సాబ్ కసిరాడు, వాడు ఒత్తేశాడు. వంతెన ఎప్పటికన్నా తొందరగా లేచింది.

ఇంట్లో నా పెళ్లాం తమ్ముడికి భక్ష్యాలు వడ్డిస్తూ, "ఇగ నీ గొంతుకు ఆరామే గద" అంది నాతో.

వాడు అడిగినప్పుడే పిలిచి ఉంటే, ఆఖరిసారి వంతెన నా మాట విని లేచినట్టుండేది...