ఆమె చదవనన్న పుస్తకం

బావా,

సొంత మేనమరదలి గొంతు దొంగిలించావు. ఇంతకంటే మర్యాదైన మాట నాకు దొరకలేదు.

పన్నెండేళ్లు మా చెల్లెలు నీ స్టూడియోలో పుస్తకాలు చదివి రికార్డు చేసింది. ఒక్కదాన్ని మాత్రం కాదంది. మొగుడు కొట్టినా ఆడది ఓర్చుకోవాలని బోధించే పుస్తకమది. రికార్డింగు నడుస్తుండగానే, మైకు ముందే అట్ట మూసేసి, "నేను చదవను బావా, ఈ మాటలు నా నోట రావు" అంది. "నీ నోరు నీ ఇష్టం" అని నవ్వావు.

గొంతు ఆపరేషన్‌తో ఆమెకు మాట పోయింది. నిన్న పక్కింటావిడ ఫోన్ పట్టుకొచ్చి, "ఏంటక్కా, నువ్వే చదివావుగా. మా ఆయన రెండుసార్లు పెట్టించుకుని విన్నాడు" అంది. అదే పుస్తకం, అదే గొంతు. పేజీ తిప్పేటప్పుడు ఆమె తీసుకునే చిన్న ఊపిరితో సహా. ఆమె పాత రికార్డింగులు వినిపించి నువ్వు ఆమె గొంతు నేర్పిన యంత్రానికి పేజీలెక్కడివి? చెల్లెలు పలక మీద "నేను కాదు" అని రాసి చూపించింది. పక్కింటావిడ నమ్మలేదు.

రికార్డింగుల మీద సర్వహక్కులూ నీవేనని ఒప్పందం చూపిస్తున్నావు. రికార్డింగు అంటే ఆమె చదివినది. చదవనన్నది నీదెలా అవుతుంది? ఇలాంటి యంత్రం గురించి చట్టంలో లేదంటావా? చట్టం నిద్ర లేచేలోపు ఇల్లు దోచుకుపోతే దాన్ని వ్యాపారం అనరు.

మాకు కావలసినవి ఇవి.

ఆ పుస్తకం తీసేయాలి.
అది ఆమె చదవలేదని నీ పేరుతో ప్రకటించాలి.
యంత్రంలోంచి ఆమె గొంతు చెరిపేయాలి.
ఆమె కాదన్న రోజు రికార్డింగు మాకు పంపాలి. "నేను చదవను" అన్న మాట ఆమె గొంతులో ఇక అక్కడే ఉంది.