గూడబాతు మింగిన కమ్మ

పులికాటు ఒడ్డు నుంచి,

పెద్దక్కయ్యకు నీ చెల్లెలు కామాక్షమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ నేను, అబ్బాయి, కోడలు, చిట్టి అందరం బాగానే ఉన్నాం. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు తగ్గిందా? వెంకటాచలంలో వానలు పడ్డాయా, నారు పోశారా? మా గురించి బెంగపెట్టుకోకు. కానీ అక్కా, మొన్న ఇక్కడ ఒకటి జరిగింది. నీతో చెప్పుకుంటే గాని అన్నం సయించేలా లేదు.

అబ్బాయి పాఠాలు చెప్పే బడి ఉన్న ఈ ఊళ్లో అందరూ చేపలు పట్టేవాళ్లే. నీళ్లు ఉప్పన, గాలి ఉప్పన, అన్నం ముద్దలో ఇసుక. కోడలు నెలలు నిండిన మనిషి, ఎక్కువగా పడుకునే ఉంటుంది. వచ్చిన కొత్తలో పలకరించే దిక్కులేక నాకు పిచ్చెక్కింది. చిట్టి కూడా నా కొంగు వదిలేది కాదు. సరేనని దాని చెయ్యి పట్టుకుని సాయంకాలం వీధిలోకి బయలుదేరాను. మనుషుల కంటే ముందు వాళ్ల పెంపుడు జీవాలు పరిచయమయ్యాయి మాకు. చివరింటి కుంటి మేక, వలల మీద తప్ప పడుకోని నల్లకుక్క, ఎవరి ఒళ్లోనైనా ఎక్కి కూర్చునే పిల్లి. కొన్నాళ్లకు మేం కనబడితే అవే ఎదురొచ్చేవి.

అన్నిటికంటే చిట్టికి ప్రాణం, మా వీధిలో ఉండే పోలమ్మ గూడబాతు. చెరువు చెట్ల మీద గూళ్లు కట్టుకునే ఆ పెద్ద తెల్ల పక్షే, గడ్డం కింద సంచి వేలాడుతూ ఉంటుంది. రెక్క విరిగి పడివుంటే పోలమ్మ తెచ్చి సాకింది. ఆమె నీళ్లకు పోతే వెనకే బుడిబుడి నడుచుకుంటూ పోతుంది. చేపను చూస్తే ముక్కు మూసుకునే నేను, దానికోసం చేపపిల్లలు ఆకులో చుట్టుకుని పోయేదాన్నంటే నమ్ముతావా?

మొన్న చిట్టి, "అవ్వా, దీనికి చెవులు యాడున్నాయి?" అని అడిగింది. ఈకల కింద ఉంటాయిలే అన్నాను. నేను మేకను నిమురుతున్నాను. తిరిగి చూసేసరికి, చిట్టి తనకు చెవులు కుట్టించినప్పుడు నువ్వు పెట్టిన బంగారు కమ్మ ఒకటి మర విప్పి, దాని తలకు ఆనిస్తోంది! పక్షి తల తిప్పింది, నోరు తెరిచింది, అంతే. గుటుక్కుమంది.

"అయ్యో, బంగారమే!" అని ఒక్క కేక పెట్టాను. వీధంతా మూగింది.

పోలమ్మ గబగబా లేచింది. లోపలికి పోయి చేపలు కోసే కత్తి తెచ్చి, పక్షిని చంకలో ఇరికించుకుంది. అది తనను ముద్దుకు ఎత్తుకుందనుకుని ముక్కు ఆమె భుజం మీద పెట్టింది.

"అయివోరింటి సొమ్ము మా వాకిట్లో ఉండకూడదమ్మా. ఇప్పుడే తీసిస్తా," అంది.

నేను చూస్తూ నిలబడ్డాను. వద్దని అనాలి కదా? చిట్టి పరుగెత్తుకుపోయి రెండో కమ్మ కూడా విప్పి పోలమ్మ ముందు పట్టింది.

"ఇది గూడా తీసుకో పోలమ్మత్తా, దాన్ని కొయ్యొద్దు."

అప్పుడు గాని నాకు కదలిక రాలేదు. పోలమ్మ మణికట్టు పట్టుకున్నాను.

"నేనడిగానా పోలమ్మా? కొయ్యమని నేనన్నానా?"

"మీరు అనకపోయినా రేపు ఎవురో ఒకరు మేమే దాచినామంటారమ్మా. ముందొకసారి రెడ్డిగారింట్లో గొలుసు పోతే నా మొగుణ్ని కట్టేసి కొట్టినారు. గొలుసు వాళ్లింట్లోనే దొరికింది. ఆయన మాత్రం మళ్లీ వల భుజానికెత్తలేకపొయినాడు."

కత్తి నేను తీసుకున్నాను. ఆమె ఇసుకలో కూలబడి, పక్షి మెడ కావిలించుకుని ఏడ్చింది. నా ఒక్క కేక ఆమె చెవిలో ఎలా పడిందో అప్పుడు తెలిసింది నాకు.

అబ్బాయి ఇంటికి రాగానే అంతా చెప్పాను. వాడు పోలమ్మ గుమ్మం దగ్గరకు పోయి, "అక్కా, కమ్మ సంగతి ఎత్తుకుని ఎవరూ మీ గడప తొక్కరు, నాది పూచీ," అని చెప్పి వచ్చాడు. పోలమ్మ మాత్రం పొద్దున్నే పక్షి రెట్టలో పుల్ల పెట్టి వెతుకుతోంది. మానమంటే వినదు. కమ్మ ఇంతవరకు దొరకలేదు.

నీకు కోపం వస్తే నన్ను తిట్టు, పడతాను. కొత్త కమ్మలు మాత్రం పంపకు. మిగిలిన కమ్మ పెట్టెలో దాచి, పిల్ల చెవులకు వేపపుల్లలు పెట్టాను. కోడలి పురుటికి కాస్త పాత మెత్తటి గుడ్డలు, వాము పంపితే చాలు.

బావగారికి నా నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. పుట్టబోయే బిడ్డను మనసులోనే దీవించు. ఇంకొక్కటి అక్కా, కమ్మ ఏమైందని అక్కడ ఎవరైనా అడిగితే పక్షి మాట, పోలమ్మ మాట ఎత్తకు. నీళ్లలో ఆడుతుంటే పిల్లే జారవిడుచుకుందని చెప్పు. ఈ అబద్ధం మనిద్దరం మొయ్యగలం.

నీ చెల్లెలు,
కామాక్షమ్మ