గేటు ముందు బెంచీ

కాలనీ నిర్వాహకులు ద్రగోష్ గారికి,

మా గేటు ముందు బెంచీ మీరు తీయించేశారు. కాలనీ అందం చెడుతోందని తలుపుకి కాగితం కూడా అంటించారు. ఆ బెంచీని పరంజా చెక్కలతో నేనే చేశాను. మా నాయనమ్మ ఊళ్లో ప్రతి గేటు ముందూ ఒకటుంటుంది. సాయంత్రం మనిషి అక్కడ కనపడకపోతే ఒంట్లో బాగాలేదేమోనని వచ్చి తలుపు తడతారు.

బుకారెస్టు శివార్లలోని ఈ కాలనీలో మందుల షాపుంది, టెన్నిస్ కోర్టుంది, చెరువు చుట్టూ నడకదారి ఉంది. పలకరించే మనిషే లేడు. నా దగ్గరికొచ్చి ఉంటున్న నాయనమ్మ ఇన్నాళ్లూ టీవీలో వార్తలు చదివే అమ్మాయితోనే మాట్లాడుకుంది. బెంచీ వేశాక ఎదురింటి అమ్మాయి ఇలింకా అటుగా వెళ్తూ ఆగింది.

"ఎవరి కోసం చూస్తున్నారు మామ్మగారూ?"

"నీ కోసమేనే. ఇంత ఆలస్యమా? కూర్చో."

పొద్దుతిరుగుడు గింజలు కొరుక్కుంటూ చీకటి పడేదాకా నవ్వుకున్నారు. మర్నాడే మీ మనుషులొచ్చారు. ఇప్పుడు నాయనమ్మ వీధి కిటికీ కూడా తీయనివ్వడం లేదు. "నేనేం తప్పు చేశాన్రా?" అని నన్ను అడుగుతోంది.

అందం గురించి నాకు చెప్పకండి. ఈ గోడలకి సిమెంటు పూసిన చేతులు నావే. రేపు సాయంత్రం గేటు ముందు మూడు వంటింటి కుర్చీలు వేస్తాను. రెండు వాళ్లిద్దరికీ, మూడోది మీకు. వచ్చి కూర్చుని, నాయనమ్మ చేసిన తప్పేమిటో ఆమెకే చెప్పండి.

చివరింట్లో అద్దెకున్నవాడు